భారత సాయుధ దళాలలో స్వలింగ ప్రవృత్తి

స్వలింగ ప్రవృత్తి గల వ్యక్తి ఆ సంగతిని దాచుకొనకుండా సైనిక సేవలో కొనసాగవచ్చునా అనునది భారతదేశంలో ఇంకను తేలని ప్రశ్న. 1950 నాటి సైన్య చట్టంలో ఇటువంటివారిని చేర్చుకొనరాదని చెప్పు సెక్షను ఏదియు లేదు. చేరినవారు బయటపెట్టుకొన్నచో వారికి రక్షణ కల్పించు సెక్షను కూడా లేదు. 2018 సెప్టెంబరు 6న సర్వోన్నత న్యాయస్థానం, పరస్పర అంగీకారం గల వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు పౌరులందరికీ వర్తించును. కాని సైనికుడు పౌరునిగా పొందు హక్కులకు రాజ్యాంగమే కొన్ని హద్దులు ఏర్పరచినది. అందువలన తీర్పు వచ్చిన తరువాత కూడా దళాలలో పరిస్థితి మౌనంగానే మిగిలినది.

తెలుగు ప్రాంతాలలో ఈ విషయానికి అతి సమీపమైన ఉదంతం 2017లో విశాఖపట్నంలో జరిగినది. అక్కడ సైనిక న్యాయస్థానం కూర్చొనలేదు, నేరారోపణ జరుగలేదు. ఒక పరిపాలనా ఉత్తర్వుతో ఏడేళ్ళ ఉద్యోగం ముగిసినది. శిక్షాస్మృతిలోని సెక్షన్ల కంటే ఈ పరిపాలనా ఉత్తర్వులే దళాలలో అసలు నిర్ణాయకాలని ఆ ఉదంతం చూపుచున్నది.

పదజాలం

తెలుగు పత్రికలలో "స్వలింగ సంపర్కం" అను పదం చిరకాలంగా వాడుకలో ఉన్నది. ఇది చర్యను సూచించు పదం. మనిషి స్వభావాన్ని సూచించదు. "స్వలింగ ప్రవృత్తి" అన్నపుడు ఎవరి యెడల అనురాగం కలుగుననునది మాత్రమే తెలియును. ఈ భేదం పండితుల చర్చకు మాత్రమే పరిమితమైనది కాదు. ఒక సైనికుడు ఏ చర్యకూ పాల్పడకుండానే, తన స్వభావం ఇట్టిదని పై అధికారికి చెప్పుకొనవచ్చును. అప్పుడు విచారించదగిన చర్య ఏదియు లేదు. ఉన్నది నోటి మాట ఒక్కటే. ఆ మాటకు ఏమి ఫలితమో చట్టం చెప్పదు.

ట్రాన్స్‌జెండర్ అను పదం వేరొక విషయానికి సంబంధించినది. పుట్టినపుడు నమోదైన లింగానికి, తాను స్త్రీయో పురుషుడో అను ఆత్మభావనకు పొంతన లేనివారిని ఆ పదం సూచించును. విశాఖ ఉదంతం ఈ రెండవ కోవకు చెందినది. రెండింటిని కలిపి ఒకటిగా చెప్పుట పొరపాటు. అయినను, తన నిజస్థితిని బయటపెట్టిన ఉద్యోగిని దళం ఏమి చేయగలదు అను ప్రశ్న ఇరువురికీ ఒక్కటే కనుక ఇక్కడ ఆ ఉదంతాన్ని వివరించవలసి యున్నది.

చట్టం

1860లో రూపొందిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను "ప్రకృతి విరుద్ధ" సంభోగాన్ని నేరంగా పేర్కొన్నది. సైనిక చట్టంలోని పదజాలం కూడా అదే కాలపు ఆంగ్లేయులది. క్రూరమైన, అసభ్యమైన లేదా ప్రకృతి విరుద్ధమైన అవమానకర ప్రవర్తన అను పదబంధం బ్రిటన్ వారి 1881 నాటి సైన్య చట్టంలో కలదు. స్వతంత్ర భారతదేశపు సైన్య చట్టం 46(ఎ) సెక్షనులో దాదాపు అవే మాటలు కనబడును. దీనికి 7 సంవత్సరాల వరకు జైలు శిక్ష విధించవచ్చును. వాయుసేన చట్టంలో కూడా ఇదే సంఖ్య గల సెక్షను ఉన్నది. ఇది గాక 45వ సెక్షను హోదాకు తగని ప్రవర్తన గల అధికారులకు, 63వ సెక్షను క్రమశిక్షణకు భంగం కలిగించు ఏ పనికైనను వర్తించును. ఈ చివరి సెక్షను ఎంత విశాలమైనదనగా, దేనిని అందులో చేర్చరాదో చెప్పుట కష్టం.

వీటన్నిటికి వెనుక రాజ్యాంగంలోని 33వ అధికరణం నిలిచియున్నది. సాయుధ దళాలవారి ప్రాథమిక హక్కులను, వారి విధుల సక్రమ నిర్వహణకు, క్రమశిక్షణ పరిరక్షణకు అవసరమైనంత మేరకు పరిమితం చేయు అధికారాన్ని ఇది పార్లమెంటుకు ఇచ్చినది. సైనికునికి సంఘం పెట్టుకొను హక్కు, పత్రికలతో మాట్లాడు హక్కు పరిమితంగా ఉండుటకు ఆధారం ఇదే.

శిక్ష ఒక మార్గం, తొలగింపు మరొక మార్గం. కోర్టు మార్షల్ జరుగవలెనన్నచో అభియోగం ఉండవలెను, సాక్ష్యం ఉండవలెను, నిందితుని పక్షాన వాదించుటకు ఒకరు ఉండవలెను. పరిపాలనా తొలగింపుకు ఇంత తతంగం అక్కరలేదు. "ఇక సేవలు అవసరం లేదు" అను నిబంధన కింద డిశ్చార్జి చేయు వీలు దళాల నియమాలలో కలదు. కోర్టు మార్షల్‌లో నేరం ఋజువు కావలెను. ఇక్కడ అవసరం తీరినదని అధికారి భావించిన చాలును. ఇట్లు తొలగింపబడిన వ్యక్తి సాయుధ దళాల ట్రిబ్యునలును గాని హైకోర్టును గాని ఆశ్రయించవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు ట్రిబ్యునలు యొక్క చెన్నై బెంచి పరిధిలోనివి.

విశాఖపట్నం ఉదంతం

సబీ గిరి 2010లో భారత నౌకాదళంలో నావికునిగా చేరినారు. మెరైన్ ఇంజనీరింగు విభాగంలో పనిచేసి, విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ ఏకశిలకు వచ్చినారు. నౌకలలోని గ్యాస్ టర్బైన్ యంత్రాలను మరమ్మతు చేయు కేంద్రం ఇది. చేరినపుడు నమోదైన లింగం పురుషుడు. 2016లో సెలవుపై ఉన్నపుడు లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకొన్నారు. విధులకు తిరిగి వచ్చిన పిమ్మట సంగతి బయటపడినది. తనను నెలల తరబడి నౌకాదళ ఆసుపత్రిలోని మానసిక రోగుల వార్డులో ఉంచినారని సబీ పత్రికలకు చెప్పినారు.

2017 అక్టోబరులో నౌకాదళం ఆమెను "ఇక సేవలు అవసరం లేదు" అను నిబంధన కింద తొలగించినది. ఆమె స్వచ్ఛందంగా, తిరిగి మార్చలేని విధంగా లింగస్థితిని మార్చుకొన్నదనియు, నియామక సమయపు అర్హతలకు ఇది విరుద్ధమనియు, ఉన్న నియమాల ప్రకారం కొనసాగించుట సాధ్యం కాదనియు ఒక ప్రకటన వెలువడినది. ఆమె ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించినది.

ఈ ప్రకటనను జాగ్రత్తగా చదువవలెను. పనిలో లోపం జరిగినదని అందులో లేదు. దుష్ప్రవర్తన అను మాట లేదు. టర్బైను బాగుచేయు చేతులకు లింగమార్పిడి వలన ఏమి అశక్తత కలిగినదో కూడా లేదు. ఆనాటికి నౌకాదళంలో నావికుల శ్రేణిలో స్త్రీలకు ప్రవేశమే లేదు. ఆమె కూర్చొనుటకు తగిన గడి పట్టికలో లేకపోయినది. అప్పటికి నల్సా కేసులో సర్వోన్నత న్యాయస్థానం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల స్వీయ గుర్తింపు హక్కును అంగీకరించి (2014 ఏప్రిల్ 15) మూడేళ్ళు దాటినది. లైంగిక ప్రవృత్తి వ్యక్తిగత గోప్యతలో విడదీయరాని భాగమని పుట్టస్వామి కేసు తీర్పు (2017 ఆగస్టు 24) చెప్పి రెండు మాసాలైనను కాలేదు.

తరువాతి కాలంలో ఆ పట్టిక మారినది. అగ్నిపథ్ పథకం ద్వారా చేరిన 273 మంది మహిళలు 2023 మార్చిలో ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ ముగించుకొని నావికులైనారు. 2017లో స్త్రీకి స్థానం లేని శ్రేణిలో ఆరేళ్ళు తిరుగకముందే స్థానం ఏర్పడినది. అనగా అడ్డంకి ప్రకృతి సిద్ధమైనది కాదు, నియమావళిలో వ్రాసుకొన్నది మాత్రమే.

దక్షిణ కొరియాలో జరిగిన ఒక ఉదంతం దీనికి చాల దగ్గరగా ఉన్నది. బ్యన్ హీ-సూ అను సార్జెంటు లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకొనగా అక్కడి సైన్యం 2020 జనవరిలో ఆమెను తొలగించినది. 2021 ఆరంభంలో ఆమె మరణించినది. అదే సంవత్సరం అక్టోబరులో దేజన్ న్యాయస్థానం ఆ తొలగింపు చెల్లదని తీర్పు చెప్పినది. శస్త్రచికిత్స తరువాత ఆమెను స్త్రీగా పరిగణించి అర్హతను నిర్ణయించవలసి యుండగా, పురుషునిగా చూచి అంగవైకల్యం కింద లెక్కకట్టుట తప్పని న్యాయస్థానం భావించినది. తీర్పు వినుటకు ఆమె లేదు.

2018 తీర్పు తరువాత

నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసు తీర్పు వెలువడిన నాలుగు మాసాలకు, 2019 జనవరి 10న, నాటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ వార్షిక పత్రికా సమావేశంలో ఈ విషయం ప్రస్తావించినారు. సైన్యం సంప్రదాయాన్ని పాటించు సంస్థ అనియు, ఇటువంటివాటిని లోపలికి రానీయమనియు, సైన్య చట్టంలోని సెక్షన్ల కింద చర్యలు ఉండుననియు ఆయన మాటల సారాంశం. సైన్యం దేశ చట్టానికి అతీతం కాదని కూడా ఆయన అన్నారు. ఈ రెండు మాటలు ఒకచోట ఎట్లు పొసగునో సమావేశంలో తేలలేదు.

దీనికి కొద్దికాలం ముందే, 2018 డిసెంబరులో, లోక్‌సభ సభ్యుడు జగదంబికా పాల్ మూడు దళాల చట్టాలను సవరించి ఇట్టివారికి సేవలో అవకాశం కల్పించవలెనని ఒక ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టినారు. అది చట్టం కాలేదు.

న్యాయస్థానాలు ఎటు మొగ్గునో ఊహించుటకు వ్యభిచార సెక్షనుకు సంబంధించిన వ్యవహారం కొంత ఉపకరించును. 2018 సెప్టెంబరు 27న సర్వోన్నత న్యాయస్థానం శిక్షాస్మృతిలోని 497వ సెక్షనును కొట్టివేసినది. దళాలలో ఈ కారణంగా చర్యలు తీసుకొనుటకు ఆ తీర్పు అడ్డు కాకూడదని కేంద్రం కోరగా, 2023 జనవరి 31న రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పు సాయుధ దళాల చట్టాలను గూర్చినది కాదని స్పష్టం చేసినది. ఇదే తర్కాన్ని 377 తీర్పుకు కూడా అన్వయించవచ్చునని ఒక వాదం. అయితే రెండింటికి ఒక ముఖ్యమైన తేడా కలదు. వ్యభిచారం విషయంలో సైన్యం చెప్పు కారణం, తోటి సైనికుని కుటుంబానికి జరుగు నమ్మకద్రోహం. ఇద్దరు వయోజనుల పరస్పర అనురాగంలో అటువంటి మూడవ బాధితుడు లేడు. ఒకే తూనికతో రెండింటినీ తూచుట సబబు కాదు.

46(ఎ) సెక్షనును పూర్తిగా తొలగించవలెనను వాదన కూడా అంత తేలిక కాదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377వ సెక్షనుకు సమానమైనది లేదు. అంగీకారం గల సంబంధానికి 2018లోనే విముక్తి లభించినది కనుక ఈ తొలగింపు వలన అదనంగా కలిగినది లాభం కాదు, నష్టం: పురుషునిపై పురుషుడు జరుపు లైంగిక దౌర్జన్యాన్ని శిక్షించుటకు ఉన్న సెక్షను పోయినది. 2024 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటుపై త్వరగా నిర్ణయం తీసుకొనవలెనని కేంద్రానికి సూచించినది. బ్యారకులో ఒక యువ సైనికునిపై పై హోదావాడు దౌర్జన్యం చేసినచో ఆదుకొనుటకు నేడు 46(ఎ) వంటివే మిగిలినవి. కావున సవరణలో అంగీకారాన్ని, బలవంతాన్ని విడదీసి వ్రాయవలెను. 1881 నాటి "ప్రకృతి విరుద్ధ" అను మాట ఈ రెండింటిని ఒకే మూటగా కట్టినది; అసలు దోషం అక్కడనే ఉన్నది.

బయటకు వచ్చి మాట్లాడినవారు బహు కొద్దిమంది. మేజర్ జె. సురేష్ పదేళ్ళకు పైగా సైన్యంలో పనిచేసి 2010లో రాజీనామా చేసినారు. తాను స్వలింగ ప్రవృత్తి గలవాడినని ఆయన బహిరంగంగా చెప్పినది 2020లో, అనగా ఉద్యోగం వదలిన పదేళ్ళకు. ఆయన జీవితం ప్రేరణగా దర్శకుడు ఒనిర్ ఒక చిత్రకథ వ్రాసి రక్షణ శాఖ అనుమతికి పంపగా 2022 జనవరిలో తిరస్కరించినారు. సైనికునికి, కాశ్మీరులోని ఒక స్థానిక యువకునికి మధ్య ప్రేమను చిత్రించుట సైన్యాన్ని చిన్నబుచ్చునని, భద్రతా సమస్యలు తెచ్చునని రక్షణ శాఖ సహాయమంత్రి పార్లమెంటులో వివరించినారు. ఉద్యోగంలో ఉన్నవాడు మాట్లాడరాదు, వదలినవాని కథ తెరపైకి ఎక్కరాదు అన్నపుడు, ఇటువంటివారు దళాలలో అసలు లేరను భ్రమ సహజంగానే నిలిచియుండును.

ఇతర దేశాల అనుభవం

నెదర్లాండ్స్ 1974లోనే నిషేధాన్ని తొలగించినది. ఇజ్రాయెల్ 1993లో తొలగించినది. భారత చట్టం పుట్టినింటి వంటిది కనుక బ్రిటన్ అనుభవం మనకు ఎక్కువ ఉపయోగకరం. ఇంగ్లండు, వేల్సులలో 1967లో పౌరుల విషయంలో ఇది నేరం కాకుండా పోయినది, కాని సైనికులను మినహాయించినారు. 1994లో సైనికుల విషయంలో కూడా నేరం కాకుండా పోయినది, కాని పరిపాలనా తొలగింపులు ఆగలేదు. 1999 సెప్టెంబరు 27న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం బ్రిటన్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చిన పిమ్మట, 2000 జనవరి 12న నిషేధం ముగిసినది. పౌరునికి, సైనికునికి మధ్య 33 ఏళ్ళ దూరం. అందులో చివరి ఆరేళ్ళు నేరం లేకయే ఉద్యోగం పోయిన కాలం. 2023 జులై 19న బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ పార్లమెంటులో క్షమాపణ చెప్పినారు. 2024 డిసెంబరులో నాటి బాధితులకు పరిహార పథకం ప్రకటించినారు. తొలగించుటకు ఒక కాగితం చాలినది, దిద్దుటకు పావు శతాబ్దం పట్టినది.

అమెరికాలో 1994 నుండి 2011 సెప్టెంబరు 20 వరకు "అడుగవద్దు, చెప్పవద్దు" అను విధానం నడచినది. నిషేధాన్ని సడలించు రాజీగా దీనిని మొదట వర్ణించినారు. దాని కింద 13,000 మందికి పైగా తొలగింపబడినారు. మౌనం షరతుగా ఉన్నచోట ఎవరో వ్రాసిన ఆకాశరామన్న ఉత్తరం కూడా ఆయుధమగును. ప్రవృత్తి తెలిసిన సైనికుడు బ్లాక్‌మెయిలుకు లోబడునని నిషేధవాదులు చెప్పుచుండిరి. కాని దాచవలసిన అవసరం ఉన్నంత వరకే బ్లాక్‌మెయిలు సాధ్యం; ఆ అవసరాన్ని కల్పించినది నిషేధమే. ట్రాన్స్‌జెండర్ల విషయంలో అమెరికా 2025లో మరల వెనుకకు మళ్ళినది. ఆ నిషేధం అమలుకు అక్కడి సర్వోన్నత న్యాయస్థానం 2025 మే 6న అనుమతించినది.

గుంటూరు ప్రాంతం, నియామకాలు, కుటుంబం

గుంటూరులో సైనిక నియామక కార్యాలయం కలదు. బాపట్ల వద్ద సూర్యలంకలో వాయుసేన కేంద్రం కలదు. గుంటూరుకు దక్షిణాన ఉన్న ప్రత్తిపాడు, ఆ దిగువ ప్రకాశం జిల్లా వైపు విస్తరించిన పత్తి, మిరప నేలలలో పంట ధర ఏటేటా మారును గాని సైనికుని జీతం మారదు. కౌలురైతు కుమారునికి 1600 మీటర్ల పరుగు ఒక బ్రతుకుదెరువు. ఇటువంటి ఇంట ఉద్యోగం పోవుట ఒక్క మనిషి సమస్య కాదు. ఎందుకు పోయినదో ఊరికి చెప్పవలసి వచ్చుట అంతకంటె పెద్ద సమస్య. నగరంలో ఉద్యోగం పోయిన యువకుడు మరొక సంస్థ చూచుకొనును. డిశ్చార్జి కాగితంతో దిగిన సైనికుని బస్సు దిగిన చోటనే ప్రశ్నింతురు. బహిరంగ జీవితం గూర్చి మాట్లాడునపుడు ధైర్యం ఒక్కదానినే లెక్కించుట న్యాయం కాదు.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం దీనికి మరొక చిక్కును జోడించినది. అగ్నివీరుల సేవ నాలుగేళ్ళు. ఆ తరువాత 25 శాతం మించకుండా శాశ్వత సేవలోకి తీసుకొందురు. నాలుగేళ్ళూ పై అధికారుల మదింపులో నెగ్గవలసిన యువకుడు తన గురించి ఏమి చెప్పుటకైనను వెనుకాడును. ఈ పథకంలో చేరువారు అవివాహితులై యుండవలెను, నాలుగేళ్ళలో వివాహం చేసికొనరాదు. తెలుగు పల్లెలలో సైనికుడు సెలవుపై వచ్చినచో పెండ్లిచూపులు మొదలగుట మామూలే. ఆ ఒత్తిడి నుండి ఈ నిబంధన కొందరికి తెలియకుండానే గడువు ఇచ్చినది. గడువు తీరినపుడు సమస్య యథాతథం. ఇష్టం లేని పెండ్లి వలన నష్టపోవునది ఆ యువకుడొక్కడే కాదు. ఏమీ తెలియక కాపురానికి వచ్చిన అమ్మాయి ఉన్నది. ఈ చర్చలో ఆమె పేరు ఎవరూ ఎత్తరు.

సైనిక జీవితంలో వివాహం కేవలం వ్యక్తిగత విషయం కాదు, దస్తావేజు కూడా. వివాహం, సంతానం వంటివి పార్ట్ టూ ఆర్డరు ద్వారా సేవా పత్రాలలో నమోదగును. ఫ్యామిలీ క్వార్టర్లు, ఆశ్రితుల వైద్యం, క్యాంటీను కార్డు, కుటుంబ పింఛను ఆ నమోదును ఆధారం చేసికొనియున్నవి. స్వలింగ వివాహానికి గుర్తింపు కోరుచు 2022లో సర్వోన్నత న్యాయస్థానం గడప తొక్కిన మొదటి జంట, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్, హైదరాబాదు నివాసులు. 2023 అక్టోబరు 17న రాజ్యాంగ ధర్మాసనం అట్టి వివాహ హక్కు లేదని, అది శాసనసభల పరిధి అని తీర్పు ఇచ్చినది. పునస్సమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో తోసిపుచ్చినది. తీర్పు అనంతరం 2024లో ఏర్పడిన కేంద్ర సంఘం పని వలన ఉమ్మడి బ్యాంకు ఖాతా, రేషను కార్డు వంటి కొన్ని విషయాలలో పౌర జంటలకు వెసులుబాటు లభించినది. ఆ వెసులుబాట్లలో సైనిక సేవా పత్రాల ప్రస్తావన లేదు. సైనికుడు విధి నిర్వహణలో మరణించినచో మొదటి కబురు అందవలసిన దగ్గరి బంధువుగా, వివాహితుడైనచో భార్యను, అవివాహితుడైనచో తల్లిదండ్రులను గుర్తింతురు.